తడి గోడ

అక్టోబరు రెండో వారంలో మొదటి వాన పడిన పొద్దున మా పడకగది గోడ తడిగా తగిలింది. పడకగది అంటే ఏదో ఊహించుకునేరు. ముప్పై నాలుగు అడుగుల బండిలో వెనకాల మంచం పట్టేంత జాగా, తల దగ్గర ఒక కిటికీ, అంతే. వంటిల్లూ, బాత్‌రూమూ, డ్రైవర్ సీటూ అన్నీ ఒకే కప్పు కింద. ఏడేళ్ళుగా అదే మా ఇల్లు. నాంపా ఊళ్ళో ఉన్న ఇల్లు అమ్మేసి ఎక్కినవాళ్ళం మళ్ళీ దిగలేదు. బండికి ఇరవై ఆరేళ్ళు. మేం దాన్ని ముసలిది అంటాం.

"వెండెల్, గోడ తడిగా ఉందయ్యా," అన్నాను మా ఆయనతో.

"అది నీ ఊపిరే. తలుపులన్నీ బిగించుకుని ఇద్దరం పడుకుంటే ఆవిరి పట్టదా?"

"నా ఊపిరికి గోడలు తడిసేటట్టయితే ఈ ఏడేళ్ళలో మనం ఈత కొడుతూ ఉండేవాళ్ళం."

నవ్వుతూనే గోడ మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నవ్వు ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి, చెక్క నానిన వాసన తెలియకుండా ఎలా ఉంటుంది? చొక్కా వేసుకుని నిచ్చెన దించడానికి పోయాడు.

ఆ చలికాలం మేం ఒరెగాన్ తీరంలో ఒక చిన్న పార్కులో క్యాంప్ హోస్టులం. మరుగుదొడ్లు కడగాలి, పొయ్యిగుంటల్లో బూడిద ఎత్తాలి, వచ్చినవాళ్ళకి కట్టెలు అందించాలి. అందుకు బదులుగా మార్చి దాకా జాగా, కరెంటు, నీళ్ళు ఊరికే. మాలాంటివాళ్ళకి అదే మహాభాగ్యం. పదేళ్ళు దాటిన బండి అనగానే ప్రైవేటు పార్కులవాళ్ళు ముందు ఫోటో పంపమంటారు, ఫోటో చూశాక జాగా లేదంటారు. మార్చి తర్వాత ఎక్కడ అన్న ప్రశ్న ఏటా ఉండేదే. ముసలిది కదులుతున్నంతకాలం ఏదో ఒక జవాబు దొరికేది. అది పోయిందా, మాకంటూ తల దాచుకునే చోటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనం.

వెండెల్ ఆ రోజు వాన తెరిపిచ్చిన రెండు గంటలూ కప్పు మీదే ఉన్నాడు. అంగుళం అంగుళం తడుముతూ, అతుకుల దగ్గర బంక రాస్తూ. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నోరు పట్టుకోలేదు.

"పోయినేడు నువ్వేగా అతుకులు వేసింది? ఇంక పదేళ్ళు కప్పు మొహం చూడక్కర్లేదన్నావు!"

"అన్నాను."

"మరి పదేళ్ళు అప్పుడే అయిపోయాయా?"

 పైనుంచి బంక డబ్బా గీకుతున్న చప్పుడు వినిపించింది.

నా సంగతి నాకు తెలుసు. నాది దురద నోరు. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆయన దాన్ని వానలాగే తీసుకున్నాడు, కురిసినంతసేపు కురుస్తుందని. నేనూ దాన్ని ముద్దు కిందే లెక్కవేసుకుంటూ వచ్చాను.

మా పక్క జాగాలో ఆర్డిస్ అని ఇంకో హోస్టు ఉండేది. డెబ్బై నాలుగేళ్ళు. మొగుడు పోయాక చిన్న ట్రైలర్ లాక్కుంటూ ఒక్కతే దేశం తిరుగుతోంది. ఆమెకి తెలియని మరమ్మతు లేదు, ఆమె నోటికి చిక్కని మనిషీ లేడు. నవంబరు మొదట్లో ఒక ఎండరోజున ముగ్గురం రేవు దగ్గరికి పీతలకి వెళ్ళాం. వల కట్టిన ఇనుప చట్రాల్లో కోడికాళ్ళు బిగించి తాళ్ళతో నీళ్ళలోకి దింపి కూర్చోవడమే పని. పావుగంటకోసారి లాగాలి, ఆడపీతల్నీ చిన్నవాటినీ తిరిగి వదిలెయ్యాలి. వెండెల్‌కి ఆ పనంటే ప్రాణం. ఆ రోజు రేవు నిండా జనం.

"ఏం వెండెల్, చిల్లు దొరికిందా?" అని ఆర్డిస్ కేకేసింది.

ఆయన నోరు విప్పేలోపు నేనే అందుకున్నాను. "ఎక్కడ దొరుకుతుంది? ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకీ అల్మైరాలు కట్టాడు మహానుభావుడు. సొంతింటి చిల్లు మాత్రం కనిపించదు. కళ్ళజోడు పీతలకి పెట్టి వచ్చాడు!"

రేవు మీద పదిమందీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, వంగి తాడు లాగడం మొదలుపెట్టాడు. ఆరోజు మాకు ఏడు పీతలు పడ్డాయి. ఇంటికొచ్చి ఉడకబెట్టుకుని వెన్నతో తిన్నాం, మాటలు కూడా మామూలుగానే ఆడుకున్నాం.

తర్వాతి వారం వెండెల్ కిటికీ కింద గోడని బొటనవేలితో నొక్కాడు. వేలు కణుపు దాకా లోపలికి దిగిపోయింది.

"అమ్మో," అన్నాను.

"అరవకు," అన్నాడు మెల్లగా. "లోపల ఎంత పోయిందో చూద్దాం."

మంచం విప్పి ముక్కలు ముక్కలుగా బయట టార్పాలిన్ కింద పెట్టాం. గోడ మీది పలక ఊడదీశాడు. లోపల చెక్కలు నల్లగా, చెయ్యి పెడితే తడి కేకులాగా విరుగుతున్నాయి. బండంతా పుట్టగొడుగుల వాసన. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి మాత్రం, చిత్రం, ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్న ఉలులు నూనెగుడ్డ విప్పి బల్ల మీద పరిచాడు. చిన్న హీటరు పెట్టి వారం రోజులు గోడ ఆరబెట్టాడు. దేవదారు కర్ర కొని తెచ్చి కొలిచి, కోసి, గాడులు తీసి, ఒక్క మేకు కొట్టకుండా ఒకదాంట్లో ఒకటి బిగించుకుంటూ వచ్చాడు. మేం భోజనాల బల్ల దించి దాని మీద కాళ్ళు ముడుచుకుని పడుకునేవాళ్ళం. పొద్దున్నే చెక్కపొట్టు నా కాఫీలో కూడా ఉండేది. పని చేస్తున్నంతసేపూ ఆయన గొంతులో ఏదో కూనిరాగం.

నవంబరాఖరున థాంక్స్‌గివింగ్ పండగ నాటికి గోడ లేచింది. ఆర్డిస్ గుమ్మడికాయ పై, ఆ తీపి రొట్టె, చేసుకొచ్చింది. గోడ మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాసి, "వెండెల్, ఇది బండి గోడ కాదయ్యా, నగలపెట్టె చేశావు నువ్వు," అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను కూడా ఏదో మంచిమాట అనబోయాను. ఏమన్నానో గుర్తు లేదు, బహుశా రొట్టె చల్లారుతోందని అనుంటాను. ఆ చలికాలంలో మంచిరోజంటే అదొక్కటే.

డిసెంబరు మొదటివారం సముద్రం మీంచి గాలివాన వచ్చి ఆరు రోజులు కదల్లేదు. ఏడోరోజు పొద్దున కొత్త గోడ అడుగున, మూల దగ్గర, పళ్ళెమంత మచ్చ.

వెండెల్ మంచం మీద కూర్చుని ఆ మచ్చ మీద చెయ్యి ఆనించాడు.

"కప్పు అయిదుసార్లు చూశాను," అన్నాడు. "కిటికీ చూశాను. అంచు చుట్టూ గట్టిగా ఉంది, నీటిచుక్క కదిలే సందు లేదు. మరి ఎక్కణ్ణుంచే?"

"నన్నడుగుతావేం? వడ్రంగివి నువ్వా నేనా?"

తలెత్తి నా వైపు చూశాడు. కోపమైతే నాకు తెలిసిన సంగతే, పట్టుకుని దెబ్బలాడేదాన్ని. అది కోపం కాదు. లెక్క తప్పిన పిల్లవాడు పలక చూసుకున్నట్టు చూశాడు. "చేతులు పోయాయి నడీన్," అన్నాడు. "కళ్ళు కూడా."

ఆ మధ్యాహ్నం వానలోనే నిచ్చెన ఎక్కాడు. దిగమని అరిచాను, బతిమాలాను, తిట్టాను. తడిసి ముద్దయి దిగొచ్చాడు. చొక్కా గుండీలు నేనే విప్పాను. ఆయన వేళ్ళు చలికి వంగడం లేదు. ఆ తర్వాత కూనిరాగం వినిపించలేదు.

గాలివాన తగ్గాక ఆర్డిస్ నన్ను రాళ్ళు ఏరుకుందామని తీరానికి లాక్కెళ్ళింది. పెద్ద గాలి తర్వాత ఇసక కొట్టుకుపోయి గులకరాళ్ళు బయటపడతాయి, వాటిలో మంచి అగేట్లు దొరుకుతాయి, తేనెరంగువి. ఇద్దరం నడుములు వంచి ఏరుతున్నాం. ఆమె ఎప్పట్లాగే ఎవర్నో ఉతికి ఆరేస్తోంది.

"యూమా ఊళ్ళో నా పక్కన ఒకడుండేవాడు, పళ్ళ డాక్టరు. కొత్త బండి, కొత్త పెళ్ళాం. కిటికీ ఫ్రేము కింద చిన్న చీలికలుంటాయి చూడు, వాన నీళ్ళు బయటికి పోవడానికి? వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయని, కిటికీ లీకవుతోందనుకుని, మొత్తం సీలు చేసిపారేశాడు మహామేధావి!"

"ఆఁ?"

"ఆఁ ఏమిటి! ఫ్రేములో నిండిన నీళ్ళకి బయటికి దారి లేదు. ఎటు పోతాయి? లోపలికే, గోడలోకి. ఏడాది తిరిగేసరికి బండంతా కుళ్ళు. పైగా అమ్మిన కంపెనీని తిట్టుకుంటూ తిరిగాడు. అంత చదువు చదివి!"

"అంత చదువు చదివి," అన్నాను నేను. నవ్వాను. ఆర్డిస్ నవ్వుతోంది కనక నవ్వడం మొదలుపెట్టాను, మరి ఆపలేకపోయాను. కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను.

"నీకు నచ్చుతుందని తెలుసు," అంది ఆర్డిస్ సంబరంగా.

అంతకుముందు జూన్ నెలలో, మేం నెవాడాలో ఉన్నప్పుడు, వెండెల్ నడుంనొప్పితో వారం రోజులు మంచం దిగలేదు. నేను కిటికీలు కడుగుతున్నాను. ఫ్రేముల అడుగున వేలిగోరంత చీలికలు, వాటిలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా. ఓహో, లీకు, అనుకున్నాను. నల్ల ఫ్రేములకి నల్ల సీలెంటు తెచ్చాను. అయిదు కిటికీలకీ, ఒక్క చీలిక వదలకుండా, పూసి తడివేలితో నున్నగా దిద్దాను. ఎంత బాగా దిద్దానంటే మామూలు కంటికి ఆనదు. ఒక కంట్లో శుక్లం ముదురుతున్నవాడికి అసలే ఆనదు. చెబితే వంకలు పెడతాడని చెప్పలేదు. మంచి సమయం చూసి గొప్పగా చెప్పుకుందామనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను, దేవుడి మీద ఒట్టు.

తలనొప్పిగా ఉందని ఆర్డిస్‌కి చెప్పి వచ్చేశాను. వెండెల్ మరుగుదొడ్ల దగ్గర పనిలో ఉన్నాడు. వంటింటి కత్తి తీసుకుని పడకగది కిటికీ కింద నిలబడి, తడుముకుంటూ మొదటి చీలికలోకి కత్తిమొన దూర్చాను. నల్లటి ముక్క రబ్బరులాగా సాగి ఊడొచ్చింది. వెనకాలే నీళ్ళు. డికాషన్ రంగులో, కంపు కొడుతూ, నా బూట్ల మీదికి. ఆగుతాయేమోనని చూశాను. ఆగలేదు. అయిదు కిటికీలూ తెరిచేసరికి చేతులు మోచేతుల దాకా తడిశాయి. ఆ ముక్కలన్నీ పార్కు చెత్తడబ్బాలో, ఎవరిదో పిజ్జాపెట్టె కింద దాచాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు వెండెల్ వెనకనించి, చేతిలో బకెట్టు, చీపురు.

"కిటికీలు తుడుస్తున్నాను."

"ఈ జల్లులోనా?"

"ఈ ఊళ్ళో జల్లు లేని రోజు ఏదో చెప్పు, ఆ రోజు తుడుస్తాను."

ఆయన తల పంకించి వెళ్ళి బకెట్టు కడుక్కున్నాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను. 'వెండెల్, కప్పు బాగానే ఉంది. నువ్వు కట్టిన గోడ బాగానే ఉంది. పాడుచేసింది నేను.' మూడు ముక్కలు. సూప్ వేడి చేస్తూ పెదాలతో అనుకుంటూనే ఉన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

"నాన్న ఉలులు ఆర్డిస్‌కి ఇచ్చేశాను," అన్నాడు.

"ఎందుకు?"

"పని తెలిసినవాళ్ళ దగ్గర ఉండాలి."

వాళ్ళ నాన్న పోయిననాడు కూడా ఆ గొంతుతో మాట్లాడలేదు. నాకు రేవు గుర్తొచ్చింది, జనం నవ్విన నవ్వు గుర్తొచ్చింది. నిచ్చెన కింద నిలబడి అన్నవన్నీ గుర్తొచ్చాయి. ఈ మూడు ముక్కలు చెప్పాలంటే ముందు ఆ మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి మింగాలి. సిగ్గేసింది, భయమేసింది, ఇంకో గంటలో చెబుదాంలే అనిపించింది.

"సూప్ చల్లారుతోంది, తిను," అన్నాను.

ఆ గంట రాలేదు. మర్నాడూ రాలేదు. చెప్పనిరోజు ఒకటి దాటితే రెండోరోజు ఇంకా కష్టం, అది నేను కొత్తగా నేర్చుకున్న పాఠం.

జనవరిలో గోడ ఆరిపోయింది. కుండపోతగా కురిసినా చుక్క దిగలేదు. వెండెల్ వేలికణుపుతో తట్టి చూసి, "ఆగిందే," అన్నాడు. "ఇంక తడవడానికి లోపల ఏం మిగిలిందని?"

నిజమే, పెద్దగా ఏం మిగల్లేదు. మేం ఒక్క మూలే చూస్తూ కూర్చున్నాం, నీళ్ళు ఆ పక్క గోడ పొడవునా అడుగునే నడిచిపోయాయి. బండి బయటి రేకు పూరీలాగా పొంగింది. ఒకరోజు సింకు దగ్గర నిలబడితే నా మడమ కింద నేల దిగింది. పార్కు సూపర్‌వైజరు టెస్ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. చిన్న వయసు పిల్ల, మంచి పిల్ల.

"నడీన్‌గారూ, ఈ బండి రోడ్డెక్కితే గోడ ఊడి ఎవరి మీదో పడుతుంది. ఇక్కడ ఉంచినా మీకే ప్రమాదం. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని చెప్పక తప్పడం లేదు," అంది, నేల చూపులు చూస్తూ.

"ఆగమ్మా, ఆగు. ఇప్పుడు లీకు లేదు. పొడిగా ఉంది. అడుగు చెక్కలు మార్చి, గోడ మళ్ళీ కడితే? రెండు నెలల పని. మా వెండెల్ కట్టగలడు. చూడు, ఈ మూల ఎలా కట్టాడో చూడు!"

టెస్ చూసింది. కట్టిన పని చూసి ఆమె మొహంలో కూడా ఆశ కనిపించింది. "ఆయన కడతానంటే నేను పైవాళ్ళతో మాట్లాడి మార్చి దాకా ఆపిస్తాను," అంది.

ఇద్దరం వెండెల్ వైపు తిరిగాం. ఆర్డిస్ కూడా అప్పటికే వచ్చి నిలబడింది. "ఉలులు తెచ్చిస్తానయ్యా, నేనూ ఒక చెయ్యి వేస్తాను," అంది.

వెండెల్ గోడ వంకే చూస్తున్నాడు. "వద్దు ఆర్డిస్," అన్నాడు. "నేను కట్టింది పదిరోజులు నిలవలేదు. ఎక్కడ తప్పుచేశానో కూడా నాకు తెలియడంలేదు. తప్పెక్కడో తెలియనివాడు మళ్ళీ కట్టకూడదు."

ఒక్క మాట. ఒక్క మాట అంటే ఆ మనిషి అప్పటికప్పుడు చొక్కా చేతులు మడిచేవాడు. నాకు తెలుసు. నా నాలుక కొసదాకా వచ్చింది. ఆర్డిస్ అక్కడే ఉంది, పళ్ళ డాక్టరు కథ చెప్పిన ఆర్డిస్, ఆ కథకి నేను ఎలా నవ్వానో చూసిన ఆర్డిస్. నా నోరు, ప్రపంచంలో దేనికీ ఆగని నోరు, అప్పుడు ఆగింది.

టెస్ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

నెలాఖరున ముసలిదాన్ని తుక్కుకి లాక్కుపోయే లారీ వచ్చింది. మేం వెండెల్ చెల్లెలి ఇంటి బేస్‌మెంటుకి వెళ్ళాలి. ఒక గది, నెత్తి దగ్గర జానెడు కిటికీ. సముద్రం అక్కణ్ణుంచి ఎనిమిది గంటల ప్రయాణం. నాలుగు పెట్టెలు ఆర్డిస్ పికప్‌లో సర్దుకున్నాం. లారీవాడు గొలుసులు బిగించి లాగగానే పొంగినవైపు రేకు పర్రున చీలింది. వెండెల్ కట్టిన మూల మాత్రం చెక్కు చెదరలేదు. పార్కు మలుపు తిరిగేదాకా అదొక్కటే నిటారుగా కనిపించింది. ఆయన చూడలేదు, బెంచీ మీద నేల చూస్తూ కూర్చున్నాడు. నేను చూశాను.

వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నడీన్," అన్నాడు. "చాలా రోజులనించి ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. నోరు రాలేదు."

"చెప్పు."

"నీకున్నది ఒక్క ఇల్లు. నా చేతకానితనం వల్ల పోయింది. ఎన్నిసార్లు అడిగావు, ఎన్నిసార్లు చెప్పావు. నన్ను క్షమించవే."

పికప్ దగ్గర ఆర్డిస్ తాళ్ళు బిగిస్తోంది, దూరంగా ఉంది, వినపడదు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చెప్పదలుచుకుంటే అంతకంటే మంచి సమయం నాకు జన్మలో దొరకదు.

"పోనీలే," అన్నాను. "క్షమించాను. ఊరుకో."

ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. "నీది పెద్ద మనసే," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, ఆర్డిస్ కట్టిచ్చిన రొట్టెల పొట్లం విప్పాడు. నెలరోజులుగా పిట్టలాగా గిల్లి వదిలేస్తున్నవాడు తనవి రెండూ తిని, నా వాటాలో సగం కూడా తిన్నాడు.